మూడు మడతల అంచు

కుట్టు పైకి కనిపించిందంటే అది కుట్టు కాదు, మచ్చ. ముప్పై ఏళ్లుగా మా టైలరింగ్ షాపులో నేను చెప్పే మాట ఇదే. కోటు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు అడిగినా చెబుతాను, అడక్కపోయినా చెబుతాను. నాకు నోరు ఎక్కువ, కోపం ఇంకా ఎక్కువ. పని తెలియనివాడు పనిలో వేలు పెడితే ఒళ్లు మండిపోతుంది. అలాంటి పెద్దమనిషిని, నేనే వెళ్లి మా అత్తగారి కారులో వేలు పెట్టాను.

ముందు ఆవిడ గురించి చెప్పాలి. మా అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ముప్పై నాలుగేళ్లు ఆపరేటరుగా పనిచేసింది. ఆ రోజుల్లో ఆవిడకు ఆరువందల నంబర్లు నోటికి వచ్చేవి. డాక్టరు గారికి కలపమ్మా అంటే ఏ డాక్టరో, ఆ వేళప్పుడు ఆయన ఇంట్లో ఉంటాడో ఆసుపత్రిలో ఉంటాడో కూడా చూసుకుని కలిపేదట. రిటైరయ్యాక కూడా మా ఇంట్లో ఎవరి నంబరు కావాలన్నా ఎవరమూ ఫోన్లో వెతికేవాళ్లం కాదు. ఆవిడను అడిగేవాళ్లం. వంటింట్లోంచే పది అంకెలూ గడగడా చెప్పేసేది. మా మామగారు పోయాక, ఇంటి ముందు ముసుగేసుకుని కూర్చున్న ఆయన పాత కారును రెండేళ్లు చూసి చూసి, అరవై రెండో ఏట డ్రైవింగ్ స్కూల్లో చేరింది. రెండుసార్లు టెస్టు పోయింది. మూడోసారి లైసెన్సు చేతిలో పెట్టుకుని ఇంటికొచ్చింది. అప్పటినుంచి మంగళవారం, శుక్రవారం మోకాలి నొప్పితో ఉన్న వాళ్ల అక్కను వ్యాయామం చేయించే చోటికి తీసుకెళ్లి తీసుకొచ్చేది. నిజం చెప్పొద్దూ, స్టీరింగు ముందు ఆవిడ నిటారుగా కూర్చున్నప్పుడు చూస్తే నాకు చాలా గర్వంగా ఉండేది.

అయితే ఆవిడకు మెడ పట్టేస్తుంది. వెనక్కి తిరిగి చూడలేదు. రివర్స్ చేస్తూ రెండుసార్లు గేటు స్తంభానికి బంపరు రాసుకుంది. అందుకని నేను రివర్స్ కెమెరా ఒకటి తెచ్చాను. వెనక నంబరు ప్లేటు పైన కెమెరా, ముందు అద్దం దగ్గర చిన్న తెర, రెంటికీ మధ్య వైరు. బిగించేవాళ్లు దొరక్క కాదు. వాళ్లు వైర్లు ఎలా వేలాడదీస్తారో చూశాను, దారప్పోగులు పీకని చొక్కాలా ఉంటుంది. నాకది పడదు. నాలుగు వీడియోలు చూసి నేనే దిగాను.

పని అద్భుతంగా వచ్చింది. గొప్పలు కాదు, ఉన్నమాటే. వైరును పైకప్పు అంచు లోపలినుంచి తీసుకెళ్లి, రెండంగుళాలకొక ముడి చొప్పున మైనం రాసిన దారంతో కట్టాను. అది చూసి అత్తగారు, "మా ఎక్స్ఛేంజ్‌లో కూడా వైర్లు అచ్చం ఇలాగే కట్టేవాళ్లు, అల్లుడూ!" అని మురిసిపోయింది. పెళ్లైన కొత్తలో ఆవిడ నన్ను మీరు అనేది. ఒకసారి ఆవిడ కోటు చేతులు పొట్టిగా కుట్టానని మాటా మాటా పెరిగి నువ్వులోకి దిగింది. అప్పటినుంచే మా ఇద్దరికీ బాగా కుదిరింది.

డిక్కీ దగ్గరికొచ్చేసరికి లోపలి గుడ్డ చిరిగి పీలికలై ఉంది. వైరు దాని కిందనుంచే పోవాలి. ఆ పీలికల కింద కొత్త వైరు పెట్టడానికి నాకు చేతులు రాలేదు. షాపు నుంచి మందపాటి బూడిదరంగు గుడ్డ తెచ్చి డిక్కీ మొత్తానికీ కొత్త లైనింగు కుట్టాను. నోటి చుట్టూ అంచును మూడు మడతలు పెట్టి, లోపల్నుంచి కుట్టు వేశాను. పైకి ఒక్క దారం కనిపిస్తే ఒట్టు. అత్తగారు చేత్తో తడిమి చూసి, "ఇది డిక్కీనా, కోటు జేబా?" అంది.

ఎనిమిది రోజులు తిరిగేసరికి, ఒక మంగళవారం పొద్దున, కారు కదల్లేదు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది.

అందరి చూపూ నా కెమెరా మీదే పడింది. మా బావమరిది, అంటే ఆవిడ కొడుకు, ఒక మెకానిక్కును తీసుకొచ్చాడు. అతను కెమెరా వైరు పీకి చూశాడు, మళ్లీ తగిలించి చూశాడు. "దీని తప్పేం లేదు సార్. రివర్స్ గేరు వేస్తేనే దీనికి కరెంటు వస్తుంది. బండి ఆపేస్తే ఇది కూడా ఆగిపోతుంది" అన్నాడు. నేను కాలరు ఎగరేశాను. బ్యాటరీ పాతదై ఉంటుందని కొత్తది వేయించారు. రెండు వారాలకు అదీ దిగిపోయింది. ఇంకో మెకానిక్కు వచ్చాడు. బానెట్ ఎత్తాడు, డిక్కీ ఎత్తాడు, అన్నీ దబాదబా మూసేశాడు, మీటరు పెట్టి చూశాడు. "బండిలో ఏ లోపమూ లేదండీ. ఎవరో లైట్లు ఆర్పడం మరచిపోతున్నారు" అని తేల్చేశాడు.

బావమరిది వంగి చూస్తే హెడ్‌లైట్ల స్విచ్చు నిజంగానే వేసి ఉంది. ఇంకో సాక్ష్యం కూడా దొరికింది. కొన్ని ఆదివారాలు కారు తను తీసుకెళ్తాడు. తను నడిపి తెచ్చి పెట్టాక ఒక్కసారి కూడా బ్యాటరీ దిగలేదు. దిగిన ప్రతిసారీ చివర నడిపింది వాళ్లమ్మే.

"అమ్మా, వయసు మీద పడుతోంది. అందులో తప్పేముంది? మరచిపోతున్నావు, అంతే" అన్నాడు.

"నేను ఆర్పానురా."

"ఆర్పాననుకుంటున్నావమ్మా."

ఆవిడ నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు, అల్లుడూ."

నేనేమన్నాను? "మాకే ఏదీ గుర్తుండి చావట్లేదు అత్తయ్యా, ఇక మీకెక్కడ గుర్తుంటుంది!" అని ఇకిలించాను. ఆ ఇకిలింపుకు నా చెంప నేనే వాయించుకోవాలి. ఆవిడ నవ్వలేదు. లోపలికెళ్లిపోయింది.

మూడోసారీ అదే కథ. నాలుగోసారి ఒక శుక్రవారం జరిగింది. వాళ్ల అక్క తయారై గుమ్మంలో కూర్చుని ఉంది, కారు చూస్తే చడీచప్పుడూ లేదు. బావమరిది ఈసారి ఫోన్లోనే తేల్చి చెప్పాడు. "ఇవాళ లైటు మరచిపోయావు, రేపు బ్రేకు మరచిపోతే? ఆదివారం వస్తున్నా. తాళం ఇచ్చెయ్యి. కొనేవాళ్లతో మాట్లాడాను." ఆవిడ వాదించలేదు. సరే అంది.

ఆ సాయంత్రం నేను వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ ఫోను పట్టుకుని, "మా అక్క నంబరు కాస్త చూసి చెప్పు, అల్లుడూ. మంగళవారం నుంచి రాలేనని చెప్పాలి" అంది. ఎన్నో ఏళ్లుగా ఆవిడ నోట్లో నానుతున్న నంబరు అది.

"అదేంటత్తయ్యా, మీకు నోటికి వచ్చుగా?"

"వచ్చనే అనుకుంటున్నాను. తప్పు చెబితే?" అంది, నా వైపు చూడకుండా.

ఫోను పక్కన చిన్న నోటుబుక్కు ఉంది. నంబరు అందులో ఉందేమోనని తెరిచాను. నంబర్లు కావు. తారీఖులు, టైములు, ఆవిడ గుండ్రటి చేతిరాత. 'సాయంత్రం 5.40. లైట్లు ఆర్పాను.' తర్వాతి పేజీలో, 'లైట్లు ఆర్పాను. మళ్లీ వచ్చి చూశాను. ఆరే ఉన్నాయి.' ఆ తర్వాత, 'మూడుసార్లు చూశాను.' చివరి పేజీలో, మంగళవారం సాయంత్రం తారీఖు వేసి, 'ఆర్పాననే అనుకుంటున్నాను.' అంతే ఉంది.

నోటుబుక్కు మూసి ఎక్కడిదక్కడ పెట్టేశాను. ఆవిడకు పోతున్నది కారు ఒక్కటే కాదని అప్పుడు నా మట్టిబుర్రకు తట్టింది. తన తలకాయ మీద తనకున్న నమ్మకమే పోతోంది. దాన్ని తోసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆవిడ టీ ఇస్తానన్నా తాగకుండా వచ్చేశాను.

మర్నాడు శనివారం. షాపు తీసీ తీయగానే మీటరమ్మ వచ్చింది. కార్ల కరెంటు పనులు చేసే ఆవిడ, మా వెనక వీధిలో షెడ్డు ఉంది. మెళ్లో ఎప్పుడూ మీటరు వేలాడుతుంటుంది కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. నాకు ఆవిడంటే మంట. పదకొండు జేబుల ఏప్రన్ కుట్టమని ఇచ్చి, ఏ జేబులో ఏ పనిముట్టో కొలిచి చూపించి, పావు అంగుళం వదులైందని మూడుసార్లు వెనక్కి తెచ్చిన మనిషి. నా కుట్టుకు వంక పెట్టినవాళ్లు ఈ చుట్టుపక్కల ఇంకెవరూ లేరు.

"ఏంటి టైలరు గారూ, ఇవాళ తిట్లు వినిపించట్లేదు? ఒంట్లో బాలేదా?" అంది, ఏప్రన్ జేబుల్లో వేళ్లు పెట్టి చూసుకుంటూ.

ఎవరితోనైనా చెప్పుకోకపోతే పేలిపోయేలా ఉన్నాను. మొత్తం చెప్పేశాను. ఇద్దరు మెకానిక్కులనూ కలిపి తిట్టాను. ఆవిడ అడ్డు రాకుండా విని, "ఎన్ని రోజులు ఆగితే దిగుతోంది?" అంది.

"మూడు నాలుగు రోజులు కదపకపోతే. అదీ అన్నిసార్లూ కాదు."

"బండి ఆపాక ఆవిడ ఏమేం చేస్తారు?"

"ఏం చేస్తుంది? తాళం వేసి లోపలికి పోతుంది."

"అది మీరు చెబుతున్నారు. ఆవిడ చెప్పాలి. కారు తీసుకురండి, ఆవిడతో సహా. నడిపేవాళ్లు లేకుండా బండి ఒక్కటే వస్తే నేను ముట్టుకోను" అని ఏప్రన్ చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

పొగరు చూడండి అనుకున్నాను. అయినా వెళ్లాను. ఇంకో బ్యాటరీ నుంచి కరెంటు అందించి కారు స్టార్ట్ చేశాం. అత్తగారు మంచి చెప్పులు వేసుకుని వచ్చింది. "చివరిసారి కదా, నేనే నడుపుతాను" అంది. వెనక వీధి దాకా ప్రతి మలుపులోనూ ఇండికేటరు వేసింది.

మీటరమ్మ షెడ్డు చిన్నది, కానీ నేల మీద ఒక్క నట్టు పడి లేదు. గోడకు ఫ్యూజులు సైజులవారీగా సీసాల్లో సర్ది ఉన్నాయి. నా షాపులో గుండీలు కూడా అలా ఉండవు. ఆవిడ ముందు నా వైరింగు చూసింది. పైకప్పు అంచు కొంచెం లాగి, మైనపు దారం ముడులు వేలితో తడిమింది. డిక్కీ తెరిచి లైనింగు చూసింది. "ఇది మీరే కుట్టారా? భలే ఉందే!" అంది. ఇంతకాలానికి ఆ నోటినుంచి ఒక మంచిమాట. ఉత్సాహం పట్టలేక నేనే డిక్కీ దభీమని మూశాను.

బానెట్ ఎత్తి, బ్యాటరీ వైరు చుట్టూ పటకారులాంటి మీటరు పట్టించింది. అన్ని తలుపులూ మూసి కాసేపు ఆగింది. "పాయింట్ సున్నా రెండు. గడియారానికీ అలారానికీ ఆ మాత్రం పోతుంది. ఈ లెక్కన బ్యాటరీ దిగాలంటే రెండు నెలలు పడుతుంది" అంది.

అత్తగారు మెల్లిగా తలూపింది. "అయితే కారులో ఏం లేదన్నమాట. లోపం నాలోనే ఉంది."

"పెద్దమ్మా, నేనింకా మొదలే పెట్టలేదు" అంది మీటరమ్మ. తన పనిముట్ల సంచీ తెచ్చి డిక్కీలో పెట్టి, డిక్కీ నేను మూసినట్టే గట్టిగా మూసింది. "ఇప్పుడు మీరు మీ అక్కగారిని దించేసి, దారిలో సామాన్లు కొనుక్కుని ఇంటికొచ్చారు. ఇంజను వేయొద్దు. మిగతావన్నీ రోజూ ఎలా చేస్తారో అచ్చం అలాగే చేయండి. తొందర లేదు. నన్ను చూడకండి, అల్లుడు గారిని అసలు చూడకండి."

అత్తగారు సీట్లో కూర్చుంది. హ్యాండ్‌బ్రేకు లాగింది. లైట్లు వేసింది, ఆర్పింది. దిగింది. తలుపు మూసింది. మీటరమ్మ ప్రతిదానికీ అంకె పైకి చదువుతోంది. లైట్లు వేసినప్పుడు పది దాకా ఎగబాకింది, ఆర్పగానే పడిపోయింది. అత్తగారు వెనక్కి నడిచింది. డిక్కీ ఎత్తింది. సంచీ తీసి కింద పెట్టింది. రెండు చేతులతో డిక్కీ మూత దించి, అరచేత్తో మెత్తగా నొక్కింది. టక్ అంది. తాళం పడింది. వచ్చి నా పక్కన నిలబడింది.

"ఎప్పుడూ అంత మెల్లిగానే వేస్తారా?" అంది మీటరమ్మ, మీటరు మీదనుంచి కళ్లు తిప్పకుండా.

"అలవాటమ్మా. ఎక్స్ఛేంజ్‌లో దేన్నీ దభీమని వేయకూడదు. ఎవరో ఒకరు లైన్లో మాట్లాడుతుంటారు కదా."

"పాయింట్ నాలుగు నాలుగు."

పది నిమిషాలు గడిచాయి. అంకె కదల్లేదు. ఇంతకుముందు పోయినదానికి ఇరవై రెట్లు కరెంటు ఎక్కడికో పోతోంది. కళ్లకు చూస్తే కారులో ఒక్క దీపం వెలగట్లేదు.

అప్పుడు మొదలైంది మీటరమ్మ పని. ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టు ఉంది. ఫ్యూజుల డబ్బా స్టీరింగు కింద ఉంటుంది, అది చూడాలంటే తలుపు తెరవాలి. తలుపు తెరిస్తే లోపలి లైటు వెలిగి లెక్క తప్పుతుంది. అందుకని తలుపు పక్కన ఉండే చిన్న బటను నొక్కిపెట్టి, దాని మీద టేపు అంటించింది. "తలుపు మూసే ఉందని కారు అనుకోవాలి" అంది. ఒక్కో ఫ్యూజు పీకుతుంది, మీటరు చూస్తుంది, దాని చోట దాన్ని పెట్టేస్తుంది. తొందర లేదు, విసుగు లేదు, ఊహలు లేవు. హారను, కాదు. వైపరు, కాదు. నా కెమెరా తగిలించిన రివర్స్ లైటు, కాదు. అక్కడ నేను ఊపిరి పీల్చుకున్నాను. తొమ్మిదో ఫ్యూజు పీకగానే అంకె జారి పాయింట్ సున్నా రెండు దగ్గర ఆగింది.

"లోపలి లైట్ల ఫ్యూజు ఇది" అంది.

"లోపల ఏ లైటూ వెలగట్లేదు కదా!" అని అరిచాను.

"డిక్కీలో ఒకటి ఉంది."

"డిక్కీ మూసి ఉందమ్మా తల్లీ!"

"మూసి ఉందని మీకు తెలుసు. లైటుకు తెలుసా?"

ఆవిడ ఫ్యూజు మళ్లీ పెట్టి, నా ఫోను అడిగి తీసుకుంది. వీడియో నొక్కి డిక్కీలో ఓ మూల నిలబెట్టింది. "పెద్దమ్మా, మీరే మూయండి. మీ పద్ధతిలో." అత్తగారు అరచేత్తో నొక్కింది. టక్. ఇరవై లెక్కపెట్టి తెరిచారు. ముగ్గురం తలలు దగ్గర పెట్టి చూశాం.

మూత దిగింది. టక్ అని వినపడింది. చీకటి పడాలి. పడలేదు. డిక్కీ అంతా పసుపు వెలుతురు, కల్యాణ మండపంలా. ఆ వెలుతురులో నా బూడిదరంగు లైనింగు, ముడత లేని మూలలు, ఒక్క దారం కనిపించని మూడు మడతల అంచు. ఎంత అందంగా ఉందో! నా కుట్టును ఎవరికీ కనిపించని చోట రాత్రింబవళ్లు వెలిగించి చూపించుకుంటూ కూర్చుంది ఆ లైటు. నాకు తల కొట్టేసినట్టయింది.

మీటరమ్మ డిక్కీ అంచున, నా మడతల మధ్య కూరుకుపోయిన నల్లటి రబ్బరు బటను చూపించింది. మూత పూర్తిగా దిగితే అది నొక్కుకుని లైటు ఆరిపోతుంది. "ఈ లాక్‌కు రెండు పళ్లుంటాయి. మొదట్లో మూత బరువుకే రెండో పన్ను దాకా దిగేది. ఇప్పుడు మీ మూడు మడతల మందం అడ్డొస్తోంది. మెల్లిగా వేస్తే మొదటి పంటి దగ్గరే ఆగిపోతుంది. బటను నొక్కుకోదు. దభీమని వేస్తే మడత నలిగి కిందకి దిగుతుంది. మీ బావమరిది దభీమని వేసి ఉంటాడు. మెకానిక్కులు దభీమని వేశారు. మీరూ అంతే, నేనూ అంతే. మెల్లిగా వేసేది పెద్దమ్మ ఒక్కరే" అంది. తర్వాత నా మొహం చూసి కొంచెం తగ్గింది. "కోటుకు చంక దగ్గర వదులు వదులుతారు కదా, టైలరు గారూ? డిక్కీకి కూడా అలాంటి చోటొకటి ఉంది. మీకు తెలియదు, అంతే."

అత్తగారు ఇదేమీ వింటున్నట్టు లేదు. ఫోను తీసుకుని వీడియో రెండోసారి చూసింది. మూడోసారి చూసింది.

"అంటే, నేను ఆర్పాను" అంది.

"ఆర్పారు పెద్దమ్మా."

"ప్రతిసారీ?"

"ప్రతిసారీ."

"మరి స్విచ్చు వేసి ఉందన్నారే?"

"బండి స్టార్ట్ కాకపోతే మీరు మొదట ఏం చేశారు?"

"కరెంటు ఉందో లేదో చూద్దామని లైట్ల స్విచ్చు వేశాను."

"వెలిగాయా?"

"లేదు."

"తర్వాత స్విచ్చు తీసేశారా?"

"వెలగని లైటును ఎవరైనా ఆర్పుతారటే పిల్లా!" అంది అత్తగారు. అనేసి ఒక్క క్షణం ఆగి, పకపకా నవ్వింది. ఆ నవ్వు విని రెండు నెలలైంది. మీటరమ్మ కూడా నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. దాచుకోలేదు, వచ్చింది కాబట్టి ఏడ్చాను.

అత్తగారు నన్ను ఓదార్చలేదు. ఆవిడకు వేరే పని ఉంది. నా ఫోన్లోనే, పేర్ల పట్టీ తెరవకుండా, పది అంకెలు చకచకా నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. "ఒరేయ్, నేనే. బావ ఫోను. రేపు భోజనానికి రా. తాళం కోసం మాత్రం రాకు. ఆ కొనేవాళ్లకు వేరే కారు చూసుకోమని చెప్పు... ఎందుకా? రా, వీడియో చూపిస్తాను." పెట్టేసి, మళ్లీ పది అంకెలు నొక్కింది. "అక్కా, మంగళవారం తొమ్మిదింటికి తయారుగా ఉండు."

అంచు విప్పుతానని నేను బ్లేడు తీశాను. మీటరమ్మ పక్కనే నిలబడింది, నేను ఎక్కడ కోస్తానో అని కాదు, చూడాలని. లాక్ దగ్గర బెత్తెడు మేర మూడు మడతలూ విప్పి, ఒక్క మడతకు తగ్గించి, చేత్తోనే కుట్టాను. అక్కడ లోపల కుట్టు వేసే చోటు లేదు. దారం పైకి కనిపిస్తుంది, తెల్లగా, నాలుగు అంగుళాలు. అత్తగారు మూత మెత్తగా నొక్కింది. ఈసారి టక్ టక్ అని రెండు చప్పుళ్లు. మీటరమ్మ మీటరు చూసి తలూపింది.

"కుట్టు కనిపిస్తోంది, అల్లుడూ" అంది అత్తగారు.

"కనిపించనివ్వండి" అన్నాను.

ఇద్దరు మగాళ్లు పనిముట్లు పట్టుకుని వచ్చి కారును అడిగారు. కారు నడిపే మనిషిని అడిగింది మీటరమ్మ ఒక్కతే. ఆ పదకొండు జేబుల ఏప్రన్‌ను ముప్పైసార్లు వెనక్కి తెచ్చినా ఇక కిక్కురుమనను. ఆ మాటే ఆవిడకు చెప్పాను. "అయితే మూడో జేబు ఇంకా వదులుగానే ఉంది" అని అక్కడికక్కడే విప్పి ఇచ్చింది.

ఇంటికి అత్తగారే నడిపింది. రివర్స్ చేసి గేటులోంచి లోపలికి పెట్టింది, నా కెమెరా తెరలో చూసుకుంటూ. లైట్లు ఆర్పింది. ఇంట్లోకి వెళ్లి ఆ నోటుబుక్కూ పెన్నూ తెచ్చి నా ముందు పెట్టింది. నిన్న నేను చూశానని ఆవిడకు తెలుసు.

"రాయి" అంది.

"ఏం రాయమంటారు?"

"జరిగింది రాయి. నీ చేత్తో. రేపు వాడొచ్చి చదవాలి."

'ఆర్పాననే అనుకుంటున్నాను' అన్న మాట కిందనే రాశాను. 'అత్తయ్య ప్రతిరోజూ లైట్లు ఆర్పింది. డిక్కీలో లైటు ఆరకుండా చేసింది నేను. మంగళవారం, పన్నెండో తారీఖున లైనింగు కుట్టాను.' కింద సంతకం పెట్టి ఇచ్చాను.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని నిదానంగా చదివింది. పుస్తకం నా వైపు తిప్పి, చివరి వాక్యం మీద వేలు పెట్టింది.

"మంగళవారం కాదు. సోమవారం, పదకొండు. ఆ రోజు నువ్వు నీలం చొక్కా వేసుకున్నావు. రెండో గుండీ లేదు. టైలరు చొక్కాకే గుండీ లేదని నేను నవ్వితే, కోపమొచ్చి టీ తాగకుండా వెళ్లిపోయావు."

నిజమే. కొట్టేసి సోమవారం అని రాశాను.